ముందువాడి అడుగు

సూర్యప్రకాష్ పోయినది గురువారం ఉదయం తొమ్మిదీ నలభైకి, పలాస రైల్వే స్టేషన్లో, రెండో నంబరు ప్లాట్‌ఫారం మీద. ఆ సమయానికి ఢిల్లీరావు అతనికి ఇరవై అడుగుల దూరంలో నిలబడి టీ తాగుతున్నాడు.

ఇద్దరూ పన్నెండేళ్ళుగా ఒకే సెక్షన్లో పనిచేస్తున్న ఏజెంట్లు. ఆ ఉదయం ఒకరినొకరు ఎరగనట్టు ఉండాలన్నది ఆర్డరు. బరంపురం వైపు నుంచి వచ్చిన రైలు దిగి సూర్యప్రకాష్ బెంచీ మీద కూర్చున్నాడు. వంగి బూటు లేసు కట్టుకున్నాడు. అది సిగ్నల్. వస్తువు చేతికొచ్చింది అని అర్థం.

బూడిద రంగు జాకెట్, టోపీ, మాస్కు వేసుకున్న మనిషి ఒకడు జనంలోంచి వచ్చి, ఏదో పడిపోతే తీసుకుంటున్నట్టు బెంచీ దగ్గర వంగాడు. లేచి నడిచాడు. టీ స్టాలు ముందు నుంచే వెళ్ళాడు. అతనికి దారి ఇవ్వడానికి ఢిల్లీరావు తన సంచీని కాలితో పక్కకు జరిపాడు కూడా.

టీ గ్లాసు కింద పెట్టి చూసేసరికి సూర్యప్రకాష్ అలసిపోయిన ప్రయాణికుడిలా బెంచీకి చేరగిలబడి ఉన్నాడు. చొక్కా నెత్తురుతో తడిసి ఉంది. ఎడమ చేతికి ఉండాల్సిన గడియారం లేదు.

గంట తర్వాత కాశీబుగ్గలో, ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ వెనక గదిలోంచి ఢిల్లీరావు సెక్యూర్ లైన్లో మాట్లాడాడు. అవతల విశాఖలో చీఫ్ జగదీశ్వరరావు.

"ఏం పోయింది?"

"సూర్యప్రకాష్, సార్."

"అది కాదు."

"కార్డు కూడా."

గోరంత మెమరీ కార్డు. దొంగిలించినవాళ్ళ దగ్గర్నుంచి సూర్యప్రకాష్ రాబట్టి, తన గడియారం వెనక మూతలో దాచాడు. ప్రతి జలాంతర్గామికీ నీళ్ళలో తనదైన చప్పుడు ఒకటి ఉంటుంది. ప్రొపెల్లర్ తిరిగే తీరు, పంపుల అదురు, ఇంజను ఊపిరి. వాటిని రికార్డు చేసి పెట్టుకున్నవాడు ఆ జలాంతర్గామి ఎంత లోతులో ఉన్నా, ఎంత చీకట్లో ఉన్నా పోల్చుకుంటాడు. మన కొత్త జలాంతర్గామి చప్పుడు ఆ కార్డులో ఉంది. అది 'రీఫ్' అనే గూఢచారి ముఠా చేతికి చేరితే, పేరు చెప్పకూడని ఒక దేశం వాళ్ళకు ఆ జలాంతర్గామి ఇక ఎప్పటికీ కనబడుతూనే ఉంటుంది. అందులో ఎనభై ఒక్క మంది ఉంటారు.

"రీఫ్ వాళ్ళ ట్రాలర్ శనివారం ఉదయం మన తీరం దగ్గరికొస్తోంది" అన్నాడు జగదీశ్వరరావు. "ఈలోగా కార్డు ఒడ్డు దాటకూడదు. నీకు 'చరణ్' పంపిస్తున్నాను."

చరణ్ మనిషి కాదు, సాఫ్ట్‌వేర్. ట్యాబ్‌లో పెట్టి పంపారు. స్టేషన్ కెమెరాలో హంతకుడు నడిచినది పదకొండు సెకన్లు. ముఖం లేదు. చరణ్ ఆ మనిషిని చెరిపేసి, తలకొకటి, భుజాలకు, మోచేతులకు, మణికట్లకు, తుంటికి, మోకాళ్ళకు, చీలమండలకు రెండేసి చొప్పున పదమూడు తెల్లచుక్కలు మాత్రం మిగిల్చింది. ఆ చుక్కల కదలికను జిల్లాలోని కెమెరాలన్నిటిలో నడిచినవాళ్ళతో పోల్చి చూసింది. మొదటి ఫలితం అసిస్టెంట్ స్టేషన్ మాస్టర్, తొంభై ఒక్క శాతం. ఆ సమయంలో ఆయన జెండా పట్టుకుని అదే రైలు పక్కన నిలబడి ఉన్నాడు. రెండోది సోంపేటలో ఒక పురోహితుడు. మూడోదానికి ఏకంగా తొంభై ఏడు శాతం.

"సార్, ఇది నన్నే చూపిస్తోంది."

"నువ్వు చంపావా?"

"లేదు సార్."

"అయితే రీస్టార్ట్ చెయ్యి."

సూర్యప్రకాష్‌కు ఇలాంటి పెట్టెలు అక్కర్లేదు. ఏడాది కిందట ఒక్కసారి వెనక నుంచి చూసినవాణ్ణి సంతలో నడుస్తుంటే పట్టేసేవాడు. గడ్డం పెంచినా, చీర కట్టినా లాభం లేదు. ఢిల్లీరావుకు ముఖం ఎదురుగా ఉంటేనే మనిషి. ఒకసారి టెక్కలి బస్టాండులో సొంత బావమరిదిని దాటుకుని వెళ్ళిపోయాడు. ఆ సంగతి సూర్యప్రకాష్ సెక్షన్లో అందరికీ చెప్పి నవ్వించాడు. ఇప్పుడు పదమూడు చుక్కలు ట్యాబ్ మీద ఎడమ నుంచి కుడికి నడుస్తున్నాయి, అయిపోగానే మళ్ళీ మొదలవుతున్నాయి. వంద సార్లు చూసినా ఢిల్లీరావుకు చుక్కలే కనబడ్డాయి.

శుక్రవారం మధ్యాహ్నం టెక్కలి దాటాక, హైవే పక్కన దాబా ముందు నల్ల కారు ఆగింది. ఢిల్లీరావు కిటికీ దగ్గర వంగి, "ఐసు వచ్చిందా?" అన్నాడు.

"సగం కరిగింది" అంది లోపలి గొంతు. తలుపు తెరుచుకుంది.

జయశ్రీ నల్ల కళ్ళద్దాలు తీయలేదు. నెమలికంఠం రంగు పట్టుచీర, కారంతా మల్లెల సెంటు. పలాసలో రొయ్యల ఎగుమతి కంపెనీకి మేనేజరు. రీఫ్ ఆమెను తమ మనిషి అనుకుంటుంది. జగదీశ్వరరావు మన మనిషి అంటాడు. రెండేళ్ళుగా ఇద్దరికీ కొంచెం కొంచెం నిజం చెబుతూ హాయిగా ఉంది.

"రేపు ఉదయం ఏడున్నర. భావనపాడు హార్బరు. మోటారు పడవలో, ఐసు పెట్టెలో వెళుతుంది కార్డు."

"తీసుకెళ్ళేది ఎవరు?"

"రీఫ్‌లో పేర్లుండవు ఢిల్లీరావు గారూ."

"స్టేషన్లో చంపినవాడేనా?"

"మీరు ఎదురుగా ఉన్నారట కదా. మీకే తెలియాలి."

ఢిల్లీరావు చూపు తిప్పుకున్నాడు. ముందు సీట్లో డ్రైవరు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని రోడ్డు వైపే చూస్తున్నాడు. మెడ మీద పొడుగాటి కాలిన మచ్చ.

"ఇతను వింటున్నాడు."

"ఒడియా వాడు. తెలుగు ముక్క రాదు. మీరు దిగితే బాగుంటుంది, నాకు మీటింగుంది."

ఆ సాయంత్రం ఎండుచేపల వ్యాపారి వేషంలో భావనపాడు వెళ్ళాడు. మడత నలిగిన ఖద్దరు చొక్కా, చంకలో గొడుగు, జేబులో కెమెరా ఉన్న పెన్ను. తీరం పొడుగునా ఇసక మీద పాత వలలు పరిచి, వాటి మీద చిన్న నెత్తళ్ళ చేపలు ఆరబోశారు. వరసల మధ్య నుంచి ఠీవిగా నడుచుకుంటూ వెళ్ళాడు. చివర గంప ముందు కూర్చున్న యాభై ఏళ్ళ ఆడమనిషి తలెత్తకుండానే అంది:

"ఏ స్టేషను బావూ మీది?"

"స్టేషనేమిటి? విశాఖపట్నం నుంచి వచ్చాను. ఎండుచేపలు కొంటాను."

"సేపలు కొన్నోడు సేపల్ని సూసుకుని అడ్డంగా అడుగేత్తాడు. నువ్వు నిలువునా తొక్కుకుంటూ వొచ్చీసినావు. అల్లంత దూరాన్నుంచే సూసినాను, ఇసకని కూడా అరెస్టు సేసీసీలాగున్నాడు అనుకున్నాను."

పక్కనున్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఢిల్లీరావు కిందకి చూశాడు. చెప్పుల కింద నెత్తళ్ళు.

ఆమె పేరు జోగమ్మ. భర్త పైడితల్లి నాలుగేళ్ళ కిందట వాయుగుండంలో పడవతో సహా పోయాడు. మాట్లాడుతూనే సముద్రం వైపు ఒకసారి చూసి, "మా సన్యాసయ్య బావ పడవ వొచ్చీసింది, లెగండి" అంది. ఢిల్లీరావుకు ఆ దూరంలో నల్లటి గీత మాత్రం కనిపించింది, దాని మీద అగ్గిపుల్లల్లాంటి మనుషులు.

"అక్కడ్నుంచి ముఖం ఎలా కనబడింది?"

"ముఖమెందుకు బావూ? ఆ ఎనక నిలబడినోడు కెరటం వొచ్చినప్పుడు మోకాళ్ళు ఒంచడు, నడుం ఒంచుతాడు. ఆడే మా బావ. రేవులో నిలబడినోళ్ళకి ఈపాటి తెలవకపోతే ఎలాగ? ఎవులొచ్చారో, ఎవులు రాలేదో ముందల లెక్కెట్టుకోవాల గదా."

ఢిల్లీరావు చుట్టూ చూశాడు. రూలు ప్రకారం ఆ ట్యాబ్ బయటివాళ్ళకు చూపించకూడదు. చూపించాడు. ముందు ఆగిపోయిన బొమ్మ.

"ఏటియి? మెతుకులా?"

చుక్కలు కదిలాయి. జోగమ్మ చెయ్యి గంపలోనే ఆగిపోయింది.

"మనిషి."

"ఎలాంటి మనిషి?"

ఆమె ట్యాబ్ మీదకు వంగింది. పదకొండు సెకన్లు అయిపోయాయి. "ఇంకోపాలి తిప్పు" అంది. తిప్పాడు. "ఇంకోపాలి." ఐదోసారి తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని నెమ్మదిగా చెప్పింది.

"మా ఆయన."

"ఏమిటి?"

"పైడితల్లి. ఎడం మడం పూర్తిగా ఆన్చడు సూడు. టేకు సేప ముల్లు దిగిపోనాది, పెళ్ళయిన ఏడు. అప్పట్నుంచి కుడి బుజం ముందలకేసి ఇలాగే నడిసీవోడు. శవం దొరకలేదు బావూ. అందరూ కర్మ సేసీమన్నారు, సేసీసినాను. ఎక్కడున్నాడు? పలాసలో ఉన్నాడా?"

ఢిల్లీరావు ట్యాబ్ మూసేశాడు. రెండు రోజుల్లో ఒక్క మనిషి ఆ చుక్కల్లో మనిషిని చూసింది. చూసినది చచ్చిపోయినవాణ్ణి.

రికార్డులు తెప్పించాడు. పడవ బద్దలు దొరికాయి, మరణ ధ్రువపత్రం ఇచ్చారు. జగదీశ్వరరావుకు ఫోన్ చేసి ఆ పేరు చెప్పాడు.

"చచ్చిపోయినవాడి మీద లుకౌట్ నోటీసు ఇవ్వమంటావా?"

"లేదు సార్. చెప్పాను, అంతే."

"జయశ్రీ చెప్పిన దాని మీద ఉండు. ఐసు పెట్టెలు."

శనివారం ఉదయం ఆరున్నరకే హార్బరులో పోలీసులు దిగారు. బయలుదేరే ప్రతి మోటారు పడవనూ ఆపి, ఐసు పెట్టెలు బోర్లించారు. జాలర్లు తిట్టిన తిట్లు ఢిల్లీరావు చెవిలోని ఇయర్‌పీస్ కంటే స్పష్టంగా వినబడుతున్నాయి. గాలికి అందులో గుర్రుమనే చప్పుడు తప్ప ఏమీ రావడం లేదు. ఏడూ ఇరవైకి నలభై మూడు పడవలయ్యాయి. చేతులు ఐసుకు తిమ్మిరెక్కాయి. కార్డు లేదు.

హార్బరుకు అవతల ఇసక ఒడ్డున పెద్ద వల లాగుతున్నారు. వల సముద్రంలో ఉంది, దాని రెండు తాళ్ళూ ఒడ్డుకు వచ్చాయి. ఒక్కో తాడుకు పద్దెనిమిది మంది. తాడు భుజానికేసుకుని, సముద్రానికి వీపు పెట్టి, ఒకడి వెనక ఒకడు ఒడ్డు పైకి నడుస్తున్నారు. ఎండకు అందరి తలలకూ ముఖాలకూ తువ్వాళ్ళు చుట్టి ఉన్నాయి. సముద్రంలోకి వెళ్ళని మనుషులు కాబట్టి పోలీసులు అటు తిరిగి చూడలేదు.

జోగమ్మ అక్కడ నిలబడి ఉంది. ఉతికిన చీర కట్టుకుంది. తన మనిషి రేవుకు వస్తాడేమోనని తెల్లారకుండానే వచ్చిందని ఢిల్లీరావుకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. చిరాగ్గా దాటి వెళ్ళిపోబోయాడు.

"బావూ, ఆగు" అంది ఆమె. గొంతు నిన్నటిది కాదు. "ఆ కాళ్ళు సూడు."

ఉత్తరం తాడు పట్టినవాళ్ళు. ముందువాడు తీసిన కాలు జాడలోనే వెనకవాడు కాలు వేస్తున్నాడు. వాడి జాడలో వాడి వెనకవాడు. పద్దెనిమిది ఎడమ కాళ్ళు ఒకేసారి లేస్తున్నాయి.

"తొక్కిన సోట ఇసక గట్టిగుంటాది. అందుకే ముందోడి అడుగులోనే అడుగెయ్యాల. మా ఆయన వెనకాల ఆరేళ్ళు ఒకడే తాడు పట్టినాడు. విజయ్. ముల్లు గుచ్చుకున్నది ఈయనకి, కుంటు ఆడికొచ్చీసింది. మేవందరం నవ్వీవోళ్ళం." ఆమె ఒకసారి ఊపిరి తీసుకుంది. "మా ఆయన కాదు బావూ. ఆయన పోయినాడు. నడక ఆడి దగ్గిర ఉండిపోనాది."

"ఆ విజయ్ ఎక్కడున్నాడు?"

"ఊరొగ్గీసి నాలుగేళ్ళు. ఇవాళ ఈ తాడుకి పదేడు మందే రావాల. పద్దెనిమిదో వోడు ఎవుడో నాకు తెలవదు."

ఢిల్లీరావు తాడు వైపు చూశాడు. తువ్వాళ్ళు, బనియన్లు, తడిసిన లుంగీలు. అందరిదీ ఒకటే అడుగు. ఈ వరసలో చరణ్‌ను పెట్టినా పద్దెనిమిది మందీ ఒకడే అంటుంది. చివరివాళ్ళు మోకాలి లోతు నీళ్ళలో ఉన్నారు. వాళ్ళకు వందగజాల అవతల ఒక తెల్లటి ఫైబరు పడవ వల చుట్టూ తిరుగుతున్నట్టుగా దగ్గరికొస్తోంది. టైము ఏడూ ఇరవై ఆరు.

"ఇందులో వాడెవడు?"

"తాడుకి ఉన్నంతసేపు తెలవదు. తాడు నడిపిత్తది. ఒగ్గీసి నడిస్తే ఎవుడి నడక ఆడిది."

"అయితే వదిలెయ్యమను."

జోగమ్మ అతని వంక విచిత్రంగా చూసింది. వల నిండి ఉంది. మధ్యలో తాడు వదలడమంటే రెండు జాలరిపేటల తిండి సముద్రానికి ఇచ్చేయడం. వల పెద్ద సన్యాసయ్య, ఆమె భర్తకు అన్న. తాడు తల భుజానేసుకుని అందరికంటే ముందు నడుస్తూ కేకలేస్తున్నాడు. ఆమె ఆయన దగ్గరికి నడిచింది.

"బావా, తాడు ఒగ్గీమను."

"ఏటే, మతి గాని పోయిందేటి? వల పోద్ది."

"పోనీ. పైడితల్లి పేరు సెప్పి అడుగుతన్నాను. ఒగ్గీమను."

సన్యాసయ్య ఆమె ముఖంలోకి చూశాడు. ఏం కనబడిందో, భుజాన ఉన్న తాడు తనే ముందు దించేశాడు. "ఒగ్గీండ్రా" అన్నాడు.

తాడు పాములా జారిపోయింది. ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత పది మంది దాకా బూతులు తిడుతూ, పోతున్న తాడును పట్టుకోవడానికి తడి ఇసక మీద నీళ్ళ వైపు పడ్డారు. పది రకాల నడకలు. ఒకడు బాతులా, ఒకడు చేతులు విసురుకుంటూ, ఒకడు పాదాలు ఈడ్చుకుంటూ. ఢిల్లీరావుకు అందరూ తువ్వాళ్ళే.

"ఎడం నుంచి నాలుగోవోడు" అంది జోగమ్మ. తర్వాత ఇంకో మాట అంది, అతనితో కాదు. "అచ్చంగా అలాగే."

ఢిల్లీరావు పరుగెత్తాడు. నాలుగు అడుగులకే ఇసకలో బోర్లా పడ్డాడు. లేచి మళ్ళీ పరుగెత్తేసరికి నాలుగోవాడు తాడును దాటేసి నడుం లోతులో ఉన్నాడు, ఫైబరు పడవ వైపు చెయ్యెత్తాడు. పడవలోంచి ఎవరో చెయ్యి చాచారు. వేళ్ళకూ వేళ్ళకూ మధ్య మూరెడు దూరం ఉండగా కెరటం వచ్చింది. పడవ లేచింది. ఢిల్లీరావు మునిగి, దొరికిన కాలు పట్టుకున్నాడు. అది ఎడమకాలు. వదల్లేదు. కెరటం ఇద్దరినీ కలిపి ఒడ్డున పడేసింది. ఫైబరు పడవ వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

మొలతాడుకు కట్టిన ప్లాస్టిక్ కవరులో కార్డు దొరికింది. తువ్వాలు ఊడిపోయింది. మెడ మీద పొడుగాటి కాలిన మచ్చ. నిన్న ఆ మనిషి వెనకే ఢిల్లీరావు పావుగంట కూర్చున్నాడు. కారులో కూర్చున్నవాడికి నడక ఉండదు.

"తెలుగు రాదన్నారే" అన్నాడు ఉప్పునీళ్ళు ఉమ్ముతూ.

విజయ్ ఏ భాషలోనూ మాట్లాడలేదు. సన్యాసయ్య వచ్చి అతని ముఖం చూసి, "ఓరి నీ, నువ్వేట్రా" అన్నాడు. మిగతా ఊరంతా సముద్రం వైపు చూస్తోంది. వల అంచు ఒక్కటే పైకి కనబడుతోంది.

జయశ్రీ డ్రైవరు సంగతి తనకేమీ తెలియదని లిఖితపూర్వకంగా చెప్పింది. ఆమె ఇప్పటికీ మన మనిషే అని జగదీశ్వరరావు అంటున్నాడు. కార్డు నేవీకి చేరింది. ఎనభై ఒక్క మందికీ ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

వారం తర్వాత స్టేట్‌మెంటు మీద వేలిముద్ర తీసుకోవడానికి ఢిల్లీరావు భావనపాడు వెళ్ళాడు. చేపల వరసల మధ్య అడ్డంగా నడవబోయి మళ్ళీ రెండు తొక్కాడు. జోగమ్మ ఆ రెండిటినీ ఏరి గంపలో పడేసింది. వేలిముద్ర వేసి, సిరా కొంగుకు తుడుచుకుంటూ అడిగింది.

"ఆ సుక్కలు నా ఫోన్లో ఎక్కించగలవా? మా ఆయనది రేషను కార్డు ఫొటో ఒక్కటే ఉన్నాది. అందులో కదలడు."

"కుదరదమ్మా. అది రహస్యం."

"రహస్యమేటి బావూ. ఆయన నడక ఊరందరికీ తెలుసును."

ఆ స్టేట్‌మెంటు తీసుకుని పబ్లిక్ ప్రాసిక్యూటర్ దగ్గరికి వెళ్ళాడు. ఆయన రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. కార్డు దొంగతనం కేసు గట్టిగా ఉందన్నాడు. హత్య మాత్రం కష్టమన్నాడు. వీడియోలో ముఖం లేదు, కత్తి దొరకలేదు, ముద్దాయి నోరు విప్పడం లేదు, ఉన్న ఒక్క సాక్షి చచ్చిపోయిన భర్తను గుర్తుపట్టానంటోంది. "ఇది పట్టుకుని కోర్టుకెళితే జడ్జిగారు ఏమంటారో మీకు తెలుసు కదా" అన్నాడు.

ఢిల్లీరావు తెలుసన్నాడు. కాగితాలు సర్దుకుని లేచాడు. సూర్యప్రకాష్ హత్య కేసులో ఛార్జిషీటు ఇంకా వేయలేదు.